పోలిక లేని పక్షి

2024 జూలైలో యునెస్కో ప్రపంచ వారసత్వ కమిటీ ఢిల్లీలో సమావేశమైంది. అస్సాంలోని అహోం రాజుల సమాధి దిబ్బలకు గుర్తింపు దక్కింది ఆ సమావేశంలోనే. మన దేశంలో మాట్లాడుకున్నదీ ఎక్కువగా దాని గురించే. అదే సమావేశం రొమేనియాలోని తుర్గు జియు అనే పట్టణంలో ఉన్న ఒక శిల్ప సముదాయాన్ని కూడా జాబితాలో చేర్చింది. అందులో ఒక రాతి బల్ల, ఒక రాతి ద్వారం, ఒక ఎత్తయిన ఇనుప స్తంభం ఉంటాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆ పట్టణాన్ని కాపాడుతూ చనిపోయినవాళ్ళ స్మారకం అది. అయినా అందులో సైనికుడి విగ్రహం లేదు, తుపాకీ లేదు, గుర్రం లేదు.

దాన్ని రూపొందించిన శిల్పి కాన్‌స్టాంటిన్ బ్రాంకుసి. 1876 ఫిబ్రవరి 19న రొమేనియాలో పుట్టాడు. 1904లో పారిస్ చేరాడు. 1957లో అక్కడే చనిపోయాడు. అంటే జీవితంలో సగానికి పైగా పరదేశంలోనే గడిచింది. నైరూప్య శిల్పానికి (ఏ వస్తువు రూపాన్నీ ఉన్నదున్నట్టు చూపని శిల్పానికి) దారి వేసినవాళ్ళలో ఆయన పేరు ముందుంటుంది. 'నైరూప్యం' అన్న మాట మాత్రం ఆయనకు నచ్చేది కాదు. తాను చేసేది వస్తువు పైరూపం కాదని, దాని సారమని, అంతకంటే వాస్తవమైనది ఏముంటుందని వాదించేవాడు.

ఇలాంటి శిల్పం ముందు నిలబడినవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న "ఇదేమిటి?" అని. జవాబు తట్టకపోతే కదిలిపోతారు. బ్రాంకుసి దగ్గర ఇంకో ప్రశ్నతో మొదలుపెట్టడం మేలు: "దీన్ని ఎలా చేశాడు?" అమెరికాలో ఒక న్యాయస్థానం కూడా తిరిగి తిరిగి ఈ ప్రశ్న దగ్గరికే రావలసి వచ్చింది. ఆ కథకు ముందు ఆయన చేతికి పని ఎలా వచ్చిందో చూడాలి.

ఆయన ఊరు హోబిత్సా. కార్పేతియన్ కొండల దిగువన ఉన్న చిన్న పల్లె. వాళ్ళది రైతు కుటుంబం. చిన్నప్పుడు గొర్రెలు కాశాడు. ఆ ప్రాంతంలో ఇంటి గుంజలను, వాకిలి ద్వారాలను, సమాధుల దగ్గర పాతే కొయ్యలను చెక్కి అలంకరించడం మామూలు పని. ఇల్లు వదిలి వెళ్ళిపోయి, క్రయోవా పట్టణంలో దుకాణాల్లో పనిచేశాడు. ఆ ఊళ్ళోనే వృత్తివిద్యా పాఠశాలలో చేరి కొయ్యపని నేర్చుకున్నాడు. 1898లో బుకారెస్ట్ లలితకళా పాఠశాలకు వెళ్ళాడు. అక్కడ ఉండగా దిమిత్రియే జెరోటా అనే వైద్యుడి సాయంతో చర్మం ఒలిచిన మనిషి బొమ్మ చేశాడు. ప్రతి కండరం ఉన్నచోట ఉన్నట్టు కనిపించే బొమ్మ అది. వైద్య విద్యార్థులకు పాఠం చెప్పడానికి పనికొచ్చింది. బొమ్మలో పోలిక రాక నైరూప్యంలోకి వెళ్ళారని కొందరు కళాకారుల మీద ఒక అనుమానం ఉంటుంది. బ్రాంకుసి విషయంలో ఆ అనుమానానికి చోటు లేదు.

బుకారెస్ట్ నుంచి పారిస్‌కు చాలా దూరం నడిచే వెళ్ళాడని చెప్తారు. ఎంత దూరం నడిచాడో, ఎంత కథో విడదీయడం కష్టం. పారిస్‌లో మొదటి రోజులు కటిక పేదరికంలో గడిచాయి. హోటల్లో పళ్ళేలు కడిగాడు. రొమేనియన్ చర్చిలో ప్రార్థనల్లో పాడాడు. మరోపక్క ప్రభుత్వ కళాశాలలో చదివాడు. 1907లో ఆ కాలపు అతి పెద్ద శిల్పి ఆగస్ట్ రోదాన్ దగ్గర సహాయకుడిగా చేరాడు. కొద్ది వారాలకే బయటికొచ్చేశాడు. పెద్ద చెట్టు నీడలో ఏదీ ఎదగదని అన్నాడట. మాట బాగుంది. కానీ ఆ వర్క్‌షాపులో పని ఎలా జరిగేదో తెలిస్తే అసలు కారణం ఇంకా బాగా అర్థమవుతుంది.

రోదాన్ మట్టితో నమూనా చేసేవాడు. దాన్నుంచి ప్లాస్టర్ అచ్చు తీసేవారు. ఆ ప్లాస్టర్ బొమ్మను బట్టి కంచులో పోత పోసేవారు. పాలరాయి శిల్పం కావాలంటే కొలతలు ఎక్కించే సూదుల పరికరం ఒకటి ఉండేది. నమూనా మీది ఒక్కో బిందువు ఎంత లోతులో ఉందో కొలిచి, రాతిలో అంత లోతుకు రంధ్రం వేసేవారు. తర్వాత జీతానికి పెట్టుకున్న పనివాళ్ళు ఆ రంధ్రాల దాకా రాయిని చెక్కుకుంటూ వచ్చేవారు. రాతిని ఎక్కువగా తాకింది వాళ్ళ చేతులే. ఇందులో మోసమేమీ లేదు. శతాబ్దాలుగా యూరప్‌లో పెద్ద శిల్పుల దగ్గర పని ఇలాగే నడిచింది. కొయ్య చెక్కడం నేర్చి వచ్చినవాడికి మాత్రం ఇది తలకిందులుగా కనిపించి ఉంటుంది. మట్టితో పనిచేసేవాడు ముద్దకు ముద్ద కలుపుతాడు. కొయ్యపనివాడు తీసేస్తాడు. తీసిందాన్ని తిరిగి పెట్టలేడు.

రోదాన్‌ను వదిలిన ఆ ఏడే బ్రాంకుసి నమూనా లేకుండా నేరుగా రాయి చెక్కడం మొదలుపెట్టాడు. 1907-08 నాటి 'ముద్దు' అలా వచ్చిందే. సున్నపురాయి దిమ్మలో ఇద్దరు మనుషులు కౌగిలించుకుని ఉంటారు. దిమ్మ ఇంకా దిమ్మలాగే ఉంటుంది. చేతులు రాయి చుట్టూ పట్టీల్లా తిరుగుతాయి. రెండు ముఖాలు ఆనుకున్న చోట కళ్ళు కలిసి ఒకే కన్నులా కనిపిస్తాయి. రోదాన్ శిల్పం కూడా ఒకటి ఇదే పేరుతో ఉంది. అందులో పాలరాయి చర్మంలా మెత్తబడుతుంది. ఇందులో రాయి రాయిగానే మిగులుతుంది. రూపాన్ని ఎంతవరకు తీసేస్తే ఇద్దరి దగ్గరితనం మిగులుతుంది అన్నదే ఇక్కడ లెక్క.

తర్వాతి నలభై ఏళ్ళూ ఆయన ఇదే లెక్క చేశాడు. విషయాలు కొన్నే: నిద్రపోతున్న తల, చేప, కోడిపుంజు, పక్షి, స్తంభం. ఒక్కోదానికి తిరిగి తిరిగి వచ్చాడు. పక్షినే చూడండి. 1910 ప్రాంతంలో రొమేనియా జానపద కథల్లోని మాయ పక్షితో మొదలుపెట్టాడు. దానికి ఛాతీ ఉంది, మెడ ఉంది, తెరిచిన ముక్కు ఉంది. 1923 నాటికి అవి కరిగిపోయాయి. సన్నని పాదం మీద నిలిచి, మధ్యలో కొద్దిగా ఉబ్బి, పైన ఏటవాలుగా కోసినట్టు ముగిసే ఒక్క పొడవాటి రూపం మిగిలింది. దాని పేరు 'అంతరిక్షంలో పక్షి'. పాలరాతిలో ఏడు, కంచులో తొమ్మిది చేశాడు. రాతి పక్షి చేయడం పెద్ద పరీక్ష. పాలరాయి బరువును మోయగలదు గానీ వంపును తట్టుకోలేదు. పాదం దగ్గర కాస్త ఎక్కువ తీస్తే విరుగుతుంది, తక్కువ తీస్తే పక్షి నేల వదలదు.

పీఠాల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. అంతకుముందు శిల్పం వేరు, దాన్ని నిలబెట్టే దిమ్మ వేరు. బ్రాంకుసి తన పీఠాలను తానే చెక్కేవాడు. నునుపైన కంచు కింద గరుకు ఓక్ చెక్క, దాని కింద సున్నపురాయి. పీఠం ఎక్కడ ముగిసిందో, శిల్పం ఎక్కడ మొదలైందో చెప్పడం కష్టం. ఒక దశలో పీఠమే శిల్పమైపోయింది. 1918లో చేసిన ఓక్ స్తంభం అలాంటిదే. పీఠానికి వాడే ముక్కనే ఒకదాని మీద ఒకటిగా పైకి కొనసాగించాడు. పైన నిలబెట్టడానికి ఇక ఏమీ అక్కర్లేకపోయింది.

ఇప్పుడు కోర్టు సంగతి. 1926 అక్టోబరులో 'పారిస్' అనే ఓడ న్యూయార్క్ రేవుకు వచ్చింది. అందులో 20 బ్రాంకుసి శిల్పాలున్నాయి. వాటిని వెంటబెట్టుకొచ్చినవాడు ఫ్రెంచ్ కళాకారుడు మార్సెల్ ద్యుషాం. న్యూయార్క్, షికాగోల్లో ప్రదర్శనలు పెట్టాలని ఏర్పాటు. ఒక కంచు పక్షిని మాత్రం ఫొటోగ్రాఫర్ ఎడ్వర్డ్ స్టైకెన్ అప్పటికే కొనుక్కున్నాడు. 1922 నాటి సుంకాల చట్టం ప్రకారం శిల్పాలకు దిగుమతి సుంకం లేదు. లోహంతో చేసిన వస్తువులకు 40 శాతం ఉంది. కస్టమ్స్ అధికారులు ఈ పక్షిని వంటింటి సామాను, ఆస్పత్రి సామగ్రి ఉండే పద్దులో రాశారు. ధర 600 డాలర్లు. సుంకం 240 డాలర్లు.

నవ్వొస్తుంది. అయినా అధికారి వైపు నుంచి కూడా చూడాలి. పెట్టె తెరిస్తే కనిపించింది మెరుగుపెట్టిన పసుపు లోహపు కడ్డీ లాంటిది. కళ పేరు చెప్పి సుంకం ఎగ్గొట్టేవాళ్ళను ఆపడం ఆయన ఉద్యోగం. పైగా ఆయనకు ఒక పాత తీర్పు అండగా ఉంది. 1916లో వేరే కేసులో కోర్టు శిల్పానికి నిర్వచనం చెప్పింది. ప్రకృతిలోని వస్తువులను, ముఖ్యంగా మనిషి రూపాన్ని, పొడవు వెడల్పు మందాల్లో సరైన నిష్పత్తితో అనుకరించి చెక్కేదే శిల్పం అని. ఆ లెక్కన మన పల్లెల్లో నడిబొడ్డున ఉండే బొడ్రాయి వట్టి రాయే అవుతుంది. దానికి ముక్కు లేదు, మొహం లేదు. మొక్కేవాళ్ళకు ఆ లోటు ఎప్పుడూ తెలియలేదు.

ఈ సుంకం మీద కోర్టుకు వెళ్ళడానికి సంపన్న శిల్పి గెర్ట్రూడ్ వాండర్‌బిల్ట్ విట్నీ లాయర్ల ఖర్చు భరించింది. 1927 అక్టోబరులో విచారణ మొదలైంది. కేసు పేరు 'బ్రాంకుసి వర్సెస్ యునైటెడ్ స్టేట్స్'. ఇందులో దాదాపు అందరూ ఏదో ఒక సరిహద్దు దాటినవాళ్ళే కావడం గమనించదగ్గది. శిల్పి పారిస్‌లో స్థిరపడ్డ రొమేనియన్. కొన్న స్టైకెన్ లక్సెంబర్గ్‌లో పుట్టిన అమెరికన్. ముఖ్య సాక్షి, శిల్పి జేకబ్ ఎప్‌స్టైన్ న్యూయార్క్‌లో వలస కుటుంబంలో పుట్టి లండన్‌లో స్థిరపడినవాడు.

విచారణలో ప్రశ్నలు రెండు వైపుల నుంచి వచ్చాయి. మొదటిది పోలిక. అడవిలో ఇది కనిపిస్తే పక్షి అనుకుని తుపాకీ పేలుస్తారా అని స్టైకెన్‌ను అడిగారు. పేల్చనన్నాడు. మరి పక్షి అని ఎలా అంటారు? శిల్పి ఆ పేరు పెట్టాడు, చూస్తే నాకు ఎగరడం తడుతుంది అన్నాడు. ఎప్‌స్టైన్ వేల ఏళ్ళ నాటి ఈజిప్టు రాతి డేగను కోర్టుకు తెచ్చాడు. దానికీ ఈకలు, కాళ్ళు చెక్కలేదు. ఇది ఈ మధ్య పుట్టిన పిచ్చి కాదని చూపడం ఆయన ఉద్దేశం.

రెండోది పని. ఇంత నునుపుగా మెరుగుపెట్టడం మంచి మెకానిక్ చేయలేడా అని అడిగారు. మెరుగు పెట్టగలడు గానీ దీన్ని ఊహించలేడని ఎప్‌స్టైన్ జవాబు. నా దృష్టిలో కేసు మొత్తంలో బలమైన ప్రశ్న ఇదే. పోలిక ప్రశ్నకు అభిరుచి చాలు. ఈ ప్రశ్నకు సాక్ష్యం కావాలి. ఆ సాక్ష్యం పారిస్ నుంచి బ్రాంకుసి ఇచ్చిన వాంగ్మూలంలో దొరికింది.

ఆయన చెప్పిన క్రమం ఇది. ముందు ప్లాస్టర్ నమూనా చేశాడు. కంచులో ఏ లోహం ఎంత కలపాలో రాసి పోత పనివాడికి ఇచ్చాడు. అక్కడి నుంచి వచ్చింది ముతక పోత. దాన్నిండా గాలి బుడగల గుంటలు, పోత కోసం వదిలిన రంధ్రం, అంచుల్లో లోపాలు. వాటిని పూడ్చాడు, సరిచేశాడు. తర్వాత ఆకురాయితో, అతి సన్నని ఎమరీ అనే రాపిడి పొడితో చేత్తోనే రుద్దాడు. దీనికి చాలా కాలం పట్టింది. మళ్ళీ చేయడంతో సమానమైన పని అది.

అంత రుద్దడం ఎందుకు? సాధారణంగా కంచు శిల్పాలకు రసాయనాలతో ముదురు రంగు పూత (పాటినా) వేస్తారు. ఆ రంగు మీద వెలుగునీడలు నిలిచి ఆకారం గట్టిగా కనిపిస్తుంది. బ్రాంకుసి ఆ పూతను వదిలేసి లోహాన్ని అద్దం చేశాడు. అద్దంలో గది కనిపిస్తుంది, కిటికీ కనిపిస్తుంది, చూస్తున్న మనిషి సాగిపోయి కనిపిస్తాడు. మనం కదిలితే ఆ వెలుగులన్నీ పైకీ కిందికీ పారతాయి. లోహం అంచు ఎక్కడుందో కంటికి చిక్కదు. బరువైన వస్తువు బరువు కోల్పోయినట్టు తోస్తుంది. ఒక్క గీత, ఒక్క గుంట మిగిలినా ఈ పని జరగదు. ఎమరీ ఇక్కడ ముస్తాబు కోసం కాదు, ఎగరడం దానివల్లే వస్తుంది.

1928 నవంబరు 26న తీర్పు వచ్చింది. న్యాయమూర్తి వెయిట్ చట్టంలోని షరతులను వరసగా తీసుకున్నాడు. చేసినవాడు వృత్తి శిల్పేనా? అవును. ఇది మూలకృతేనా? అవును. దీనికి వాడుక ప్రయోజనం ఏమైనా ఉందా? లేదు. ఇక పోలిక. దీన్ని పక్షితో ముడిపెట్టడం కష్టమేనని ఒప్పుకున్నాడు. అయితే 1916 తర్వాత కొత్త కళా సంప్రదాయం ఒకటి వచ్చిందని, దాన్ని మెచ్చుకున్నా మెచ్చుకోకపోయినా అది ఉందన్న సంగతిని, కళారంగం దాన్ని గుర్తించిందన్న సంగతిని లెక్కలోకి తీసుకోవాలని రాశాడు. సుంకం రద్దయింది.

దీని ఫలితం 240 డాలర్లతో ఆగలేదు. శిల్పమా కాదా అని తేల్చే కొలబద్ద వస్తువు నుంచి మనిషి మీదికి మారింది. చేసినవాడు ఎవరు, ఆ రంగంలోనివాళ్ళు ఆయన్ని ఏమని గుర్తిస్తున్నారు అన్నది ముఖ్యమైంది. ఇందులో ఒక చిక్కు కూడా ఉంది. ఎవరికీ తెలియని ఊళ్ళో, ఏ ప్రదర్శనా చూడని మనిషి అదే పక్షిని చేసి పంపితే? ఆయన తరఫున సాక్ష్యం చెప్పడానికి మ్యూజియం అధిపతులు రారు. 1926 నాటికి బ్రాంకుసికి ఆ అండ ఉంది. పళ్ళేలు కడిగిన రోజుల్లో లేదు.

ఆ అండను ఆయన ఊరికే సంపాదించలేదు. ఇంప్యాస్ రోన్సాన్ అనే సందులోని ఆయన స్టూడియో పారిస్‌లో చూడదగ్గ చోటు అయింది. తెల్ల గోడలు, తెల్ల బట్టలు, తెల్ల కుక్క, తానే కట్టుకున్న పొయ్యి మీద వండి పెట్టే భోజనం. పల్లె నుంచి వచ్చిన జ్ఞాని అన్న పేరు దానంతటదే వచ్చిందని నేననుకోను. దాన్ని పెంచడంలో ఆయన చేయీ ఉంది. శిల్పాల ఫొటోలు తానే తీసుకునేవాడు. కెమెరా పని నేర్పినవాడు ఫొటోగ్రాఫర్ మాన్ రే. ఏ వెలుగులో ఏ పక్షి ఎలా కనబడాలో ఇంకొకరికి వదల్లేదు. కొన్నవాళ్ళలో ఎక్కువమంది అమెరికన్లు. ఆశ్రయమిచ్చిన ఫ్రాన్స్‌లో గుర్తింపు ఆలస్యంగా వచ్చింది. పెద్ద పునరావలోకన ప్రదర్శన 1955లో న్యూయార్క్‌లోని గగెన్‌హైమ్ మ్యూజియంలో జరిగింది.

కొన్నవాళ్ళలో ఒక భారతీయుడూ ఉన్నాడు. ఇందోర్ మహారాజు రెండో యశ్వంతరావు హోల్కర్. ఆయన మూడు పక్షులు తీసుకున్నాడు: ఒకటి కంచు, ఒకటి తెల్ల పాలరాయి, ఒకటి నల్ల పాలరాయి. వాటికోసం ఇందోర్‌లో ఒక ధ్యాన మందిరం కట్టాలనుకున్నారు. నీటి కొలను, చుట్టూ పక్షులు, పైనుంచి పడే వెలుగు అన్నది ఆలోచన. ఆ పని మీద 1937 చివర్లో బ్రాంకుసి ఇందోర్ వచ్చాడు. మహారాజు దర్శనం సరిగా దొరకలేదు. 1938 మొదట్లో తిరిగి వెళ్ళిపోయాడు. మందిరం లేవలేదు. రెండు రాతి పక్షులను 1973లో ఆస్ట్రేలియా జాతీయ కళామందిరం కొనుక్కుంది. ఇప్పుడవి కాన్‌బెర్రాలో ఉన్నాయి.

ఆ సమయంలోనే సొంత జిల్లాలో ఆయన పెద్ద పని సాగుతోంది. తుర్గు జియు స్మారకం కోసం అడిగింది అరెథియా తతరెస్కు నాయకత్వంలోని స్థానిక మహిళా సంఘం. నది ఒడ్డున బల్ల, దాని చుట్టూ 12 రాతి పీటలు. తర్వాత ద్వారం, దాని మీద 1907-08 నాటి 'ముద్దు' గుర్తులా మారి కనిపిస్తుంది. అక్కడి నుంచి తిన్నగా పట్టణం మధ్యగా వెళ్తే, కిలోమీటరుకు పైగా దూరంలో అవతలి చివర 'అంతులేని స్తంభం'. ఎత్తు 29.35 మీటర్లు. ఇంజనీరు స్టెఫాన్ జార్జెస్కు-గోర్జాన్. పోత ఇనుముతో చేసిన బోలు ముక్కలను ఉక్కు నడుమకు ఒకదాని మీద ఒకటి తొడిగారు. ప్రతి ముక్క సన్నగా ఉన్నచోట 45 సెంటీమీటర్లు, వెడల్పుగా ఉన్నచోట 90, ఎత్తు 180. పైకి వెళ్ళేకొద్దీ కొలత తగ్గదు. కొసన ఉన్నది సగం ముక్క. అంటే స్తంభం ముగియలేదు, అక్కడ ఆపారు అంతే. 1938 అక్టోబరులో ప్రారంభమైంది.

యుద్ధం తర్వాత వచ్చిన కమ్యూనిస్టు ప్రభుత్వానికి ఇలాంటి కళ గిట్టలేదు. 1950ల మొదట్లో స్తంభాన్ని ట్రాక్టరుతో లాగి పడగొట్టబోయారు. కాంక్రీటు పునాది, ఉక్కు నడుము కదల్లేదు. బ్రాంకుసి 1952లో ఫ్రెంచ్ పౌరసత్వం తీసుకున్నాడు. 1956లో తన స్టూడియోను అందులోని శిల్పాలు, పనిముట్లతో సహా ఫ్రెంచ్ ప్రభుత్వానికి రాసిచ్చాడు. ఉన్నదాన్ని ఉన్నచోట ఉంచాలన్నది షరతు. ఒక శిల్పం అమ్ముడైతే ఆ ఖాళీలో దాని ప్లాస్టర్ ప్రతిని పెట్టుకునేవాడు. వస్తువుల మధ్య దూరం కూడా పనిలో భాగమని నమ్మినవాడు పెట్టే షరతే అది. ఆస్పత్రి విస్తరణ కోసం స్టూడియో ఉన్న సందు పోయింది. వాస్తుశిల్పి రెంజో పియానో రూపొందించిన భవనంలో స్టూడియోను 1997లో పాంపిడూ కళా కేంద్రం ఎదుట తిరిగి అమర్చారు.

పారిస్‌లో మరో తగాదా ఈ మధ్య దాకా నడిచింది. మోంపార్నాస్ శ్మశానంలో ఒక రష్యన్ యువతి సమాధి మీద 1909 నాటి 'ముద్దు' ఉంది. అప్పట్లో దానికి పెద్ద విలువ లేదు. 2018లో ఇదే శిల్పి చేసిన ఒక కంచు బొమ్మ వేలంలో 7.1 కోట్ల డాలర్లు పలికింది. ధరలు పెరుగుతున్న కాలంలోనే, సమాధి శిల్పాన్ని తీసుకుపోతామని ఆ యువతి వారసులు అడిగారు. ప్రభుత్వం 2010లో సమాధి మొత్తాన్ని చారిత్రక కట్టడాల జాబితాలో చేర్చి అడ్డుకుంది. ఈసారి అది కళేనా అని ఎవరూ అడగలేదు. శిల్పం విడిగా తీసుకుపోగల వస్తువా, లేక అది నిలిచిన రాయితో, సమాధితో కలిపి ఒకటేనా అన్నది ప్రశ్న. ఫ్రాన్స్ అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం 2021లో తేల్చింది. శిల్పం, దాని కింది రాయి, సమాధి కలిసి ఒకే స్థిర నిర్మాణం. విడదీయడానికి వీల్లేదు.